హెచ్‌పీ, కిలోవాట్, కేవీఏ, టన్ను: పవర్ కొలతలను ఒకదాని నుంచి ఒకదానికి మార్చే పద్ధతి

బోరు మోటారు మీద హెచ్‌పీ (హార్స్‌పవర్), ట్రాన్స్‌ఫార్మర్ మీద కేవీఏ (కిలో వోల్ట్ యాంపియర్), ఇంటి సర్వీసుకు కిలోవాట్, ఏసీకి టన్ను, సోలార్ పలకకు వాట్ పీక్, కారు కరపత్రంలో పీఎస్. కొలిచేది అన్నిచోట్లా పవరే. వీటిని మార్చడానికి కావలసిన గుణకాలు పదికి మించవు, గుణకారం ఎవరికైనా వస్తుంది. తప్పు జరిగేది అంతకు ముందే. ఆ అంకె యంత్రంలోకి పోయే కరెంటుదా, యంత్రం బయటికిచ్చే పనిదా అన్నది చూసుకోకుండా లెక్క మొదలుపెడతారు. కళ్యాణదుర్గం వైపు పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్‌లో జనరేటర్ లోడు లాగలేక ఆగినా, వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు ఇదే కనిపిస్తుంది.

ముందు కిలోవాట్‌నూ యూనిట్‌నూ విడదీయండి

కిలోవాట్ అనేది వేగం: ఈ క్షణంలో ఎంత జోరుగా కరెంటు వాడుతున్నాం అన్నది. బిల్లులోని యూనిట్ అంటే కిలోవాట్ అవర్, అంటే ఆ జోరులో ఎంతసేపు వాడామన్న మొత్తం. కొళాయి ధారకూ తొట్టిలో నిండిన నీళ్లకూ ఉన్న తేడానే ఇది. 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే 1 యూనిట్. "మా మోటారు గంటకు 5 కిలోవాట్లు కాలుస్తుంది" అని ఎవరైనా అంటే వాళ్లు చెప్పదలచుకున్నది గంటకు 5 యూనిట్లు అని. బ్యాటరీ మీద ఉండే 150 యాంపియర్ అవర్ కూడా పవర్ కాదు. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్, అంటే 1.8 యూనిట్ల నిల్వ. దాన్ని హెచ్‌పీలోకి మార్చే దారి లేదు, మార్చాల్సిన పనీ లేదు.

దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు

- 1 హెచ్‌పీ = 746 వాట్లు (ఖచ్చితంగా కావాలంటే 745.7)
- 1 పీఎస్, అంటే మెట్రిక్ హార్స్‌పవర్ = 735.5 వాట్లు
- 1 కిలోవాట్ = 1.341 హెచ్‌పీ = 1.36 పీఎస్
- 1 కిలోవాట్ = గంటకు 3,412 బీటీయూ (వేడిని కొలిచే బ్రిటిష్ కొలత) = గంటకు 860 కిలోకేలరీలు
- 1 టన్ను (చల్లదనానికి) = గంటకు 12,000 బీటీయూ = 3.517 కిలోవాట్లు
- కిలోవాట్ = కేవీఏ × పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికి వచ్చే వంతు, 1కి మించదు)

ప్రతి జంటకూ వేరే గుణకం బట్టీ పట్టనక్కర్లేదు. ఏ కొలతైనా సరే మొదట వాట్లలోకి తెచ్చుకోండి, అక్కడి నుంచి కావలసిన దాంట్లోకి పొండి. రెండు అంగలు పడుతుంది కానీ తప్పు దారి పట్టదు.

గుణించాలా భాగించాలా అన్న సందేహం వస్తే ఒక్కటి చూడండి. హెచ్‌పీ చిన్న కొలత, కిలోవాట్ పెద్దది. కాబట్టి ఒకే పవర్‌కు హెచ్‌పీ అంకె ఎప్పుడూ కిలోవాట్ అంకె కంటే పెద్దగా రావాలి. 10 హెచ్‌పీ మార్చితే 13.4 కిలోవాట్లు వచ్చిందంటే గుణకం తిరగబడిందని అర్థం. సరైనది 7.46.

నోటి లెక్కకు: హెచ్‌పీలో ముప్పాతిక తీసుకుంటే కిలోవాట్, కిలోవాట్‌కు మూడో వంతు కలిపితే హెచ్‌పీ. తేడా నూటికి అర వంతు, మోటార్ల విషయంలో అది లెక్కలోకే రాదు. 7.5 హెచ్‌పీకి 5.6 వస్తుంది, ప్లేటు మీద 5.5 అని ఉంటుంది. 5 హెచ్‌పీకి 3.73 వస్తే ప్లేటు మీద 3.7. అవి కంపెనీలు వాడే ప్రామాణిక సైజులు, లెక్క తప్పు కాదు.

ప్లేటు మీది హెచ్‌పీ బయటికి వచ్చేది, లోపలికి పోయేది కాదు

మోటారు ప్లేటు మీది హెచ్‌పీ, కిలోవాట్ రెండూ ఇరుసు దగ్గర దొరికే పవర్. కరెంటు దాని కంటే ఎక్కువే పోవాలి, ఎందుకంటే చుట్టల వేడికీ రాపిడికీ కొంత పోతుంది. లోపలికి పోయేది తెలియాలంటే ప్లేటు అంకెను ఎఫిషియెన్సీతో, అంటే లోపలికి పోయిన పవర్‌లో పనిగా బయటికి వచ్చే వంతుతో భాగించాలి.

బోరులో దించే 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు ఎఫిషియెన్సీ నూటికి 72 ఉందనుకుందాం. సన్నటి గొట్టంలో పట్టేలా పొడుగ్గా, ఇరుకుగా చేసిన మోటారు కనుక నేల మీది మోటారు కంటే తక్కువే ఉంటుంది. 3.73 ÷ 0.72 = 5.18 కిలోవాట్లు. అంటే పూర్తి లోడు మీద గంటకు 5 యూనిట్ల పైనే తిరుగుతుంది, 3.7 కాదు. నెల లెక్క వేసుకునేటప్పుడు ప్లేటు అంకెతోనే గుణించిన వాళ్లకు మూడో వంతుకు పైగా తేడా పడేది ఇక్కడే.

ఇప్పుడు ఇదే మోటారును టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టకారులా పెట్టి యాంపియర్లు చూసే మీటరు) కొలిచి చూద్దాం. త్రీ ఫేజ్‌కు సూత్రం:

వాట్లు = 1.732 × ఫేజుల మధ్య వోల్టేజీ × యాంపియర్లు × పవర్ ఫ్యాక్టర్

1. మూడు ఫేజుల మధ్య వోల్టేజీ కొలిచి సగటు తీయండి. 400 వచ్చిందనుకోండి.
2. మూడు వైర్లలోనూ యాంపియర్లు విడివిడిగా చూడండి. ఒకదానికొకటి బాగా తేడా ఉంటే ఈ లెక్క ఆపి, ముందు ఆ తేడా ఎందుకో చూడాలి. సగటు 9.5 అనుకుందాం.
3. పవర్ ఫ్యాక్టర్ తెలియకపోతే కెపాసిటర్ లేని బోరు మోటారుకు 0.8 వేసుకోండి.
4. 1.732 × 400 × 9.5 × 0.8 = 5,265 వాట్లు.

దీన్ని 746తో భాగిస్తే 7 హెచ్‌పీ. "5 అని అమ్మి 7 అంటగట్టారు" అని అంగడి వాళ్ల మీదికి పోనవసరం లేదు. ఇది లోపలికి పోయిన పవర్. 0.72తో గుణిస్తే 3,790 వాట్లు, అంటే 5.08 హెచ్‌పీ. మోటారు సరైనదే.

ఇక్కడ జరిగే ఇంకో పొరపాటు: ఫేజుల మధ్య వోల్టేజీ 415 తీసుకుని, మూడు ఫేజులు కదా అని 3తో గుణించడం. 3తో గుణించాలంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండే 240 తీసుకోవాలి. 415కు 1.732 మాత్రమే. కలగాపులగం చేస్తే జవాబు ఒకటిముప్పాతిక రెట్లు పెరుగుతుంది. ఇంటి సింగిల్ ఫేజ్‌కు ఈ గొడవ లేదు: వోల్టేజీ × యాంపియర్లు × పవర్ ఫ్యాక్టర్, అంతే.

లైను చివర వోల్టేజీ 350కి పడిపోతే అదే 5.18 కిలోవాట్లకు 415 దగ్గర లాగే 9 యాంపియర్ల బదులు 10.7 లాగుతుంది. చుట్టలో వేడి యాంపియర్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 40 శాతం ఎక్కువ కాగుతుంది. పవర్ మారలేదు, మోటారు మాత్రం కాలిపోతుంది. యాంపియర్లు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను ప్లేటు మీది యాంపియర్లకే కట్టాలనేది ఇందుకే.

కేవీఏ: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెక్క తప్పేది ఇక్కడే

ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, ఇన్వర్టర్ ఈ మూడింటికీ హద్దు యాంపియర్లతోనే. ఆ యాంపియర్లన్నీ పని చేసినవా కాదా అన్నది వాటికి పట్టదు. అందుకే వాటి మీద కేవీఏ రాస్తారు. కిలోవాట్‌ను పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే కేవీఏ.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ బోర్లు ఎన్ని నడపవచ్చు? మామూలుగా వేసే లెక్క ఇది: 5 × 3.73 = 18.65, 25 కంటే తక్కువే, ఐదూ పట్టేస్తాయి, ఇంకా మిగులు. సరైన లెక్క ఇలా నడవాలి:

1. ఒక మోటారు లోపలికి తీసుకునేది: 5.18 కిలోవాట్లు
2. 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర: 5.18 ÷ 0.8 = 6.48 కేవీఏ
3. ఐదు మోటార్లకు: 32.4 కేవీఏ

ఐదు కాదు, నాలుగు నడిపినా 25.9. హద్దు దాటింది. ఒక్కో మోటారుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ కడితే పవర్ ఫ్యాక్టర్ 0.95 దగ్గరికి వస్తుంది. అప్పుడు నాలుగు మోటార్లకు 20.7 ÷ 0.95 = 21.8 కేవీఏ, హాయిగా పడతాయి. ఐదింటికి 27.3, అప్పటికీ పట్టవు. కెపాసిటర్ వల్ల మోటారు వాడే యూనిట్లు తగ్గవు, దానికి ముందున్న లైనులో, ట్రాన్స్‌ఫార్మర్‌లో యాంపియర్లు తగ్గుతాయి. దాన్ని స్టార్టర్ తర్వాత, మోటారు వైపు కట్టాలి. మోటారు ఆగితే అదీ లైను నుంచి విడిపోవాలి.

25 కేవీఏను యాంపియర్లలో చూస్తే: 25,000 ÷ (1.732 × 433) = ఫేజుకు 33 యాంపియర్లు. 63 కేవీఏకు 84, 100 కేవీఏకు 133. ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు మీద ఉండేది ఈ 433 వోల్టులే, అందుకే 415 వేయలేదు.

ఇంకొక్కటి. డైరెక్ట్ స్టార్టర్‌తో లేచేటప్పుడు మోటారు మామూలు కంటే 5, 6 రెట్లు యాంపియర్లు లాగుతుంది. ఆటో స్టార్టర్లు పెట్టిన చోట కరెంటు రాగానే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. నాలుగు మోటార్లు 36 యాంపియర్ల బదులు ఆ కొన్ని క్షణాలు 200 దాకా అడుగుతాయి, ఫ్యూజు పోతుంది. ఒక రైతు వెంటనే, ఇంకొకరు రెండు నిమిషాల తర్వాత, మరొకరు నాలుగు నిమిషాలకు లేచేలా టైమర్లు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. జనరేటర్ మీద 5 హెచ్‌పీ బోరు నడపాలన్నా 6.5 కేవీఏది చాలదు, లేపడానికే 12.5 నుంచి 15 కేవీఏ కావాలి.

నేల మీది పెద్ద మోటార్లకు పరిస్థితి మెరుగు. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్లలో వాడే 20 హెచ్‌పీ మోటారుకు ఎఫిషియెన్సీ 0.88, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే 14.92 ÷ 0.88 ÷ 0.85 = 19.9 కేవీఏ. అంటే 1 హెచ్‌పీకి ఇంచుమించు 1 కేవీఏ. ఇది గుర్తుంచుకోదగ్గ సూత్రం. చిన్న బోరు మోటార్లకు మాత్రం 1 హెచ్‌పీకి 1.3 వేసుకోండి.

నీళ్ల నుంచి హెచ్‌పీకి

ఎన్ని హెచ్‌పీల మోటారు దించాలో పక్క పొలం చూసి నిర్ణయించడం కంటే లెక్క వేసుకోవడం మేలు. నీటిని ఎత్తడానికి కావలసిన పవర్:

వాట్లు = 9.81 × సెకనుకు లీటర్లు × ఎత్తు మీటర్లలో

నేరుగా హెచ్‌పీ కావాలంటే లీటర్లను మీటర్లతో గుణించి 76తో భాగించండి.

ధారను "రెండు ఇంచుల నీళ్లు" అని చెప్పుకుంటే లెక్కకు పనికిరాదు, అది పైపు సైజు. డ్రమ్ము పెట్టి చూడాలి. 200 లీటర్ల డ్రమ్ము అంచు వరకు నింపితే కాస్త ఎక్కువే పడుతుంది కాబట్టి, ముందే బిందెతో కొలిచి 200 దగ్గర గీత పెట్టుకోండి. మోటారు వేసిన వెంటనే కాకుండా అరగంట నడిచాక చూడండి, మొదట వచ్చేది బోరులో నిలవ ఉన్న నీరు. 2 నిమిషాల 13 సెకన్లకు నిండితే సెకనుకు 1.5 లీటర్లు.

ఎత్తు కోసం తీసుకోవాల్సింది బోరు లోతు కాదు, పొద్దున కనిపించే నీటి మట్టమూ కాదు. మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎంత లోతుకు దిగుతాయో అది. 430 అడుగులు అనుకుందాం. తొట్టి ఎత్తు 20, పైపు రాపిడికి 40 కలిపితే 490 అడుగులు. 0.3048తో గుణిస్తే 149, అంటే 150 మీటర్లు.

1.5 × 150 ÷ 76 = 2.96 హెచ్‌పీ. ఇది నీళ్లకు చేరాల్సిన పవర్. పంపు ఎఫిషియెన్సీ నూటికి 50 అయితే ఇరుసు దగ్గర 5.9 హెచ్‌పీ కావాలి. 5 చాలదు, 7.5 దించాలి. 5.9 హెచ్‌పీ అంటే 4.4 కిలోవాట్లు, మోటారు ఎఫిషియెన్సీ 0.75తో భాగిస్తే లైను నుంచి 5.9 కిలోవాట్లు. తొమ్మిది గంటలకు 53 యూనిట్లు, 48,600 లీటర్లు. నీళ్లకు చేరింది 2.2 కిలోవాట్లు, లాగింది 5.9. మిగతాదంతా పంపులో, మోటారులో పోయింది. అరిగిన ఇంపెల్లర్లు (పంపులో నీటిని తోసే చక్రాలు) మార్చితే యూనిట్లు తగ్గేది ఈ ఖాళీలోంచే.

శ్రీశైలం డ్యాంలో కరెంటు తయారీకి కూడా ఇదే సూత్రం, తిరగేసి వాడాలి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. రెండూ నిండి ఉంటే తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. 1 క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు కనుక వెయ్యి క్యూసెక్కులు సెకనుకు 28,300 లీటర్లు. 9.81 × 28,300 × 90 అంటే దాదాపు 25 మెగావాట్లు. టర్బైన్, జనరేటర్ కలిపి 90 శాతం అనుకుంటే 22.5. సాగర్ నిండకపోతే ఎత్తు పెరిగి ఇంకాస్త ఎక్కువ వస్తుంది. కుడిగట్టు కేంద్రంలో 7 జనరేటర్లు, ఒక్కొక్కటి 110 మెగావాట్లు, మొత్తం 770. పూర్తిగా నడవాలంటే ముప్పై వేల క్యూసెక్కుల పైమాటే. వరద రోజుల్లో పత్రికల్లో వచ్చే అంకెలను ఇలా సరిచూసుకోవచ్చు.

సోలార్: వాట్ పీక్‌ను వాట్‌గా తీసుకోవద్దు

పలక మీద 540 వాట్ పీక్ అంటే చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడుతూ, పలకలోని సెల్లు 25 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు ఇచ్చేది. అనంతపురం వేసవి మధ్యాహ్నం ఎండ సరిపోతుంది, వేడే సరిపోదు. గాలి 42 డిగ్రీలుంటే సెల్లు 65కు కాగుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది కనుక 40 డిగ్రీలకు 14 నుంచి 16 శాతం పోతుంది. 5 హెచ్‌పీ సోలార్ పంపుకు సాధారణంగా పెట్టే 4,800 వాట్ పీక్ ఆ వేళ 4,100 వాట్ల దగ్గర ఉంటుంది. దుమ్ము పడితే ఇంకా తక్కువ.

4,800ను 746తో భాగించి "6.4 హెచ్‌పీ పలకలు, 5 హెచ్‌పీ మోటారు, మిగులు ఉంది" అనుకోవడం అందుకే తప్పు. పొద్దున, సాయంత్రం కంట్రోలర్ మోటారు వేగం తగ్గించి నడుపుతుంది. వేగం 80 శాతానికి తగ్గితే పంపు అడిగే పవర్ సగానికి పడుతుంది. లోతు బోర్లలో మాత్రం వేగం కాస్త తగ్గినా నీళ్లు పైదాకా ఎక్కవు, మోటారు తిరుగుతున్నా ధార ఉండదు.

పెద్ద ప్లాంట్లకూ ఇదే జాగ్రత్త. గని, శకునాల దగ్గరి కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 210 మెగావాట్ల జనరేటర్లు ఐదు, 600ది ఒకటి కలిపి 1,650. థర్మల్ రోజంతా పూర్తిగా నడిస్తే 1,650 × 24 = 39,600 మెగావాట్ అవర్లు, అంటే 39.6 మిలియన్ యూనిట్లు. సోలార్‌ను 24తో గుణించకూడదు. రోజుకు సగటున ఐదారు గంటల పూర్తి లోడుకు సమానంగా వేసుకోవాలి, 5 నుంచి 6 మిలియన్ యూనిట్లు.

ఏసీ టన్ను, వేడి కొలతలు

1.5 టన్ అంటే 1.5 × 3.517 = 5.28 కిలోవాట్లు. మీటరు మీద పడేది అంత కాదు. అది గదిలోంచి బయటికి తోసే వేడి. ఆ పనికి లాగే కరెంటు మామూలుగా 1.5 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. స్టార్ లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ వాట్లలో రాసి ఉంటుంది, టన్ను కంటే దాన్నే నమ్మండి. 1.5 టన్ అని అమ్మే చాలా మోడళ్లకు అక్కడ 5,000 లోపే ఉంటుంది. 4,800 అయితే 4,800 ÷ 3,517 = 1.36 టన్ను. కర్నూలు ఎండకు పైకప్పు నేరుగా కాగే మేడ గదికి ఈ తేడా తెలుస్తుంది.

గీజర్‌కు: 15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే 15 × 35 = 525 కిలోకేలరీలు. 860తో భాగిస్తే 0.61 యూనిట్. 2 కిలోవాట్ల గీజర్‌కు 18 నిమిషాలు.

వాహనాలు, ట్రాక్టర్, ఇన్వర్టర్

కారు 90 పీఎస్ అంటే 66.2 కిలోవాట్లు, 88.8 హెచ్‌పీ. ఒక కారు పీఎస్‌లో, ఇంకోటి బీహెచ్‌పీలో (బ్రేక్ హార్స్‌పవర్, ఇంజిన్ ఇరుసు దగ్గరి హెచ్‌పీ) రాసి ఉంటే రెండూ కిలోవాట్‌లోకి తెచ్చాకే పోల్చండి. 45 హెచ్‌పీ ట్రాక్టర్ అన్నది ఇంజిన్ పవర్. వెనక పీటీవో (ఇతర యంత్రాలు తిప్పడానికి ఉండే ఇరుసు) దగ్గర నూటికి 85 వంతు, 38 హెచ్‌పీ దొరుకుతుంది. దానికి ఆల్టర్నేటర్ కడితే 28.5 కిలోవాట్ల ఇరుసు పవర్, ఆల్టర్నేటర్‌కు 85 శాతం తీస్తే 24 కిలోవాట్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 30 కేవీఏ. గంటల తరబడి నడపాలంటే అందులో ముప్పాతిక మించి లోడు పెట్టకండి.

ఇంటి ఇన్వర్టర్ 900 వీఏ అయితే 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 720 వాట్లే. 750 వాట్ల మిక్సీ వేస్తే ఓవర్‌లోడ్ అని కూస్తుంది.

మీటరుతో సరిచూసుకోవడం

ఈ లెక్కలన్నిటికీ ఇంటి మీటరే సాక్షి. మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతుంటుంది, పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలా మీటర్లకు 3,200.

1. కొలవాల్సిన యంత్రం ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ కూడా తీయండి.
2. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఒక మిణుకు దగ్గర మొదలుపెట్టండి. ఆ మిణుకును సున్నాగా లెక్కించండి, ఒకటిగా కాదు. ఒకటిగా లెక్కిస్తే జవాబు కొంచెం పెరుగుతుంది.
3. 20 మిణుకులకు ఎన్ని సెకన్లో చూడండి.
4. కిలోవాట్ = 3,600 × మిణుకులు ÷ (3,200 × సెకన్లు)

15 సెకన్లు పడితే 3,600 × 20 ÷ 48,000 = 1.5 కిలోవాట్లు. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడే కొద్దీ ఇది తగ్గుతూ పోతుంది. అందుకని వేసిన ఐదు నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి చూడాలి. మోటారుకైతే లేచేటప్పటి జోరు కలవకుండా రెండు నిమిషాలు నడిచాక లెక్కపెట్టండి. లైటు దగ్గర 3,200 బదులు 1,600 గానీ 800 గానీ ఉంటే ఆ అంకెనే సూత్రంలో పెట్టాలి.